తీమార్‌దారీకి చదువు నేర్పిన ఫ్లోరెన్స్ నైటింగేల్

రోగికి చేసే సేవను ఉర్దూలో తీమార్‌దారీ అంటాం. మన ఇళ్లలో ఈ మాటకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే రాత్రంతా మేలుకుని కూర్చునేది తల్లో, కూతురో, కోడలో. అదే పనిని ఒక ఆడపిల్ల చదువుకుని, జీతం తీసుకుని ఆసుపత్రిలో చేస్తానంటే మాత్రం ఇంటిల్లిపాది ముఖాలూ మారిపోతాయి. ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ మా నెల్లికుదురులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒకరిద్దరు తండ్రులైనా మా దగ్గరకు వచ్చి ఈ సంగతే అడుగుతారు. బిడ్డకు నర్సింగ్‌లో సీటు వస్తుందట, పంపవచ్చునా, నలుగురూ ఏమనుకుంటారు అని. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది.

మస్జిదె నబవీ దగ్గర గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి.) గారి సంగతి ఈ పేజీ పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కర్లేదు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి.) గారిని ఆ గుడారంలోనే ఉంచారు. ఆ చరిత్ర తెలిసిన మనమే నర్సు అనగానే వెనకాడుతున్నాం. ఈ వెనకాడటం మన ఒక్కరిదే కాదని తెలియాలంటే ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం చదవాలి. ఆమె పేరు బడి పుస్తకాల్లో అందరూ చదివినదే. చేతిలో దీపం పట్టుకున్న బొమ్మ కూడా అందరూ చూసినదే. అయితే ఆ బొమ్మ దగ్గరే మన తెలివిడి ఆగిపోయింది. ఆమె తొంభై ఏళ్లు బతికింది. దీపం పట్టుకుని తిరిగింది రెండేళ్లకన్నా తక్కువ. మిగతా జీవితం ఏం చేసిందన్నదే అసలు కథ.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం నైటింగేల్ ఇంగ్లండులో పెద్ద భూస్వామి. కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్లే. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు తెరిచి లేవు. అందుచేత ఆయనే ఇంట్లో కూర్చోబెట్టి లాటిన్, గ్రీకు, చరిత్ర, తత్వశాస్త్రం చెప్పాడు. చిన్న కూతురికి గణితమంటే ప్రాణం. అంకెల పట్టికలు చూస్తే ఆమెకు అలసట తీరేదట. తల్లికి మాత్రం ఇదంతా నచ్చేది కాదు. మంచి సంబంధం చూసి పెళ్లి చేయాలన్నదే ఆవిడ ఆశ.

పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను ఏదో సేవకు పిలుస్తున్నాడని ఫ్లోరెన్స్‌కు అనిపించింది. ఏ సేవకో ఆమెకు కొన్నేళ్ల వరకు స్పష్టం కాలేదు. తరువాత తేల్చుకుంది, రోగుల సేవ అని. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్లి పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగితే పెద్ద గొడవైంది. తల్లి ఏడ్చింది, అక్కకు మూర్ఛలు వచ్చినంత పనైంది. వాళ్ల భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అప్పటి ఆసుపత్రుల్లో నర్సులంటే చదువు లేనివారు, తాగుబోతులు అని పేరు. వేరే పని దొరకనివాళ్లు చేరే కొలువది. మర్యాదగల ఇంటి పిల్ల ఆ గడప తొక్కితే తలవంపులని ఇంగ్లండు దొరలు కూడా అనుకున్నారు. మన తండ్రులు ఇప్పుడు అడిగే ప్రశ్నకూ దానికీ తేడా ఎంత?

ఆమె ఎదురు తిరిగి ఇల్లు విడిచి పోలేదు. ఎనిమిదేళ్లు ఓపిక పట్టింది. తెల్లవారుజామున లేచి, ఇంట్లో వాళ్లు నిద్ర లేవకముందే, ఆసుపత్రుల నివేదికలు, ఆరోగ్య శాఖల లెక్కలు చదివి నోటు పుస్తకాలు నింపింది. ఏళ్ల తరబడి తనను కోరిన ఒక పేరున్న పెద్దమనిషి సంబంధాన్ని 1849లో కాదంది. ఆమె మనసు కుదుటపడాలని కుటుంబ మిత్రులు ఈజిప్టు తీసుకువెళ్లారు. అలెగ్జాండ్రియాలో ఆమె అక్కడి స్త్రీల దుస్తులు వేసుకుని ఒక మస్జిద్ చూసింది. క్రైస్తవ సన్యాసినులు నడిపే వైద్యశాలలో కూడా రోజులు గడిపింది. తిరుగు ప్రయాణంలో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే ఊరి సేవాశ్రమం చూసి, 1851లో మళ్లీ వెళ్లి మూడు నెలలు అక్కడే పని నేర్చుకుంది. ఆసుపత్రి పనిలో ఆమె పొందిన తాలీమ్ దాదాపు ఇంతే. చివరికి తండ్రి మెత్తబడ్డాడు. ఏడాదికి 500 పౌన్లు ఇస్తానన్నాడు. 1853 ఆగస్టులో ఆమె లండన్‌లో స్త్రీల చిన్న వైద్యశాల ఒకదానికి పర్యవేక్షకురాలైంది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు.

ఆ మరుసటి ఏడే క్రిమియా యుద్ధం. రష్యా ఒకవైపు, ఉస్మానియా సుల్తాను, ఆయనకు తోడుగా ఇంగ్లండు, ఫ్రాన్సు ఒకవైపు. గాయపడిన ఆంగ్ల సిపాయిలను నల్ల సముద్రం దాటించి ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డునున్న ఉస్కుదార్‌కు తెచ్చేవారు. ఆంగ్లేయులు దాన్ని స్కుటారి అనేవారు. సుల్తాను తన సలీమియా బ్యారక్‌ను వాళ్ల ఆసుపత్రికి ఇచ్చాడు. అక్కడ సిపాయిలు దిక్కులేక చస్తున్నారని పత్రికలో వార్తలు రాగానే ఇంగ్లండు అట్టుడికింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత స్నేహితుడు. అతడి కోరికపై 38 మంది నర్సులతో ఆమె బయలుదేరి 1854 నవంబరు 4న అక్కడ దిగింది.

సైనిక వైద్యులు మొదట ఆమెను వార్డులలోకి రానివ్వలేదు. ఆమె తగువు పడలేదు. నర్సులందరినీ కూర్చోబెట్టి పాత గుడ్డలు చింపించి కట్లు కుట్టించింది. ఇన్‌కర్మాన్ యుద్ధంలో గాయపడినవాళ్లు ఓడల నిండా వచ్చి పడ్డాక వైద్యులే కబురు పంపారు. ఆసుపత్రిలో పళ్లేలు లేవు, సబ్బు లేదు, మార్చుకోవడానికి చొక్కాలు లేవు. ఆమె దగ్గర చందాల డబ్బు ఉంది. బజారు నుంచి అన్నీ కొనిపించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సిపాయిల భార్యలకు కూలి ఇచ్చి బట్టలు ఉతికించింది. రోగులకు వేరే వంటశాల పెట్టించింది. రాత్రిళ్లు వార్డులన్నీ తిరిగేది. అక్కడే ఒక మాట చెప్పాలి. బొమ్మల్లో ఆమె చేతికి ఇచ్చే నూనె దీపం చిత్రకారుల ఊహ. ఆమె పట్టుకున్నది తుర్కులు వాడే మడత ఫానూస్, గుడ్డ చుట్టిన లాంతరు. మన షాదీలలో పెద్దలు ఫానూస్ అనే మాట వాడటం విన్నవారికి ఇది ముచ్చటగా ఉంటుంది.

ఇంత చేసినా చావులు ఆగలేదు. ఇక్కడే బడి పుస్తకాలు తప్పటడుగు వేస్తాయి. ఆమె వచ్చింది, సేవ చేసింది, చావులు తగ్గాయి అని రాసేస్తాయి. నిజానికి ఆమె వచ్చిన తొలి చలికాలంలోనే ఆ ఆసుపత్రిలో 4,000 మందికి పైగా చనిపోయారు. 1855 ఫిబ్రవరిలో చేరినవారిలో నూటికి 42 మంది బతకలేదు. ఎక్కువ మంది పోయింది గాయాలతో కాదు, విరేచనాలు, కలరా, టైఫస్ జ్వరాలతో. మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుద్ధ్య సంఘం వచ్చి నేల తవ్వి చూసింది. ఆసుపత్రి కిందనే మురుగు కాలువలు పూడిపోయి కుళ్లుతున్నాయి. తాగే నీళ్లు వచ్చే కాలువలో చచ్చిన గుర్రం పడి ఉంది. మురుగు ఎత్తిపోశారు, గోడలకు సున్నం కొట్టారు, కిటికీలు తెరిచారు. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

1856లో సంధి కుదిరింది. సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఆమెకు వజ్రాల కంకణం బహూకరించాడు. ఇంగ్లండులో ఊరేగింపులు చేయాలని జనం కాచుకు కూర్చుంటే ఆమె మిస్ స్మిత్ అని మారుపేరు పెట్టుకుని చడీచప్పుడు లేకుండా ఇల్లు చేరింది. క్రిమియాలో సోకిన జ్వరం ఆమెను జీవితాంతం వదలలేదు. 1857 నుంచి చాలా ఏళ్లు మంచం మీది నుంచే పని చేసింది.

ఆ పని ఏమిటి? లెక్కలు. విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి యుద్ధంలో చనిపోయిన ప్రతి సిపాయి చావుకూ కారణం వెతికింది. ఆంగ్ల సైన్యంలో చనిపోయిన సుమారు 21,000 మందిలో దాదాపు 16,000 మంది రోగాలతో పోయారు. సిపాయిలు సగం చచ్చి తన దగ్గరకు వచ్చారని, ఆలస్యమే వాళ్లను చంపిందని ఆమె అప్పటిదాకా అనుకుంది. అంకెలు వేరే మాట చెప్పాయి. ఉస్కుదార్ ఆసుపత్రి గాలి, నీరు, మురుగు కూడా వాళ్లను చంపాయి. అది తాను నడిపిన ఆసుపత్రి. దేశమంతా తనను దేవతలా కొలుస్తున్న సమయం. ఆ లెక్కలను దాచుకుంటే అడిగేవాడు లేడు. ఆమె దాచలేదు. ప్రభుత్వం వెనకాడితే 1858లో సొంత ఖర్చుతో అచ్చు వేయించి పెద్దలందరికీ పంపింది. ఆమె చేసిన పనులన్నింటిలో మా దృష్టిలో ఇదే పెద్దది. ఉస్కుదార్‌లో రాత్రిళ్లు తిరగడానికి కావలసిన ధైర్యం వేరు, దీనికి కావలసిన ధైర్యం వేరు.

అంకెల పట్టికలు మంత్రులు చదవరని ఆమెకు తెలుసు. అందుకని గుండ్రటి రంగుల పటాలు గీయించింది. నెలకొక ముక్క, రోగాలతో పోయినవారికి నీలం, గాయాలతో పోయినవారికి ఎరుపు. చదువు రానివాడికి కూడా నీలం రంగు ఎంత మేర ఆక్రమించిందో కనబడుతుంది. అదే ఏడాది ఇంగ్లండు గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో ఆమెకు ముందు స్త్రీలు లేరు. యుద్ధం లేని రోజుల్లో కూడా బ్యారక్‌లలోని పడుచు సిపాయిలు ఊళ్లలోని వారికన్నా దాదాపు రెట్టింపు చస్తున్నారని కూడా ఆ లెక్కల్లోనే తేల్చింది.

యుద్ధకాలంలో జనం ఆమె పేరిట పోగుచేసిన చందా 44,000 పౌన్లు దాటింది. ఆ సొమ్ముతో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం తెరిచారు. మొదటి జట్టులో 15 మంది. ఏడాది చదువు, ఉండటానికి ఆసుపత్రిలోనే వేరు గదులు, చేతి ఖర్చుకు కొంత డబ్బు. పుండు కడగడం, కట్టు కట్టడం, మంచాన పడ్డవాళ్లకు ఒరుపు పుళ్లు రాకుండా చూడటం, రోగి ముఖం చూసి మార్పు కనిపెట్టి వైద్యుడికి సరిగ్గా చెప్పడం నేర్పేవారు. ప్రతి పిల్ల నడవడిక, పనితనం నెలనెలా కాగితం మీద రాసేవారు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఇది పెద్ద హామీ. ఇంగ్లండులో నర్సుకు మర్యాద వచ్చింది ఇలాంటి చిన్న చిన్న కట్టుబాట్లతోనే. అంతకుముందే ఆమె రాసిన నర్సింగ్ పుస్తకం ఇళ్లలో రోగులను చూసుకునే మామూలు ఆడవాళ్ల కోసం రాసినది. గాలి, వెలుతురు, శుభ్రమైన నీరు, రోగి దగ్గర గోల చేయకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. రోగిని చూడ్డానికి పది మంది వచ్చి గది నింపేసే మన అలవాటు ఆమె చూసి ఉంటే ఏమనేదో!

ఆ బడిలో చదివినవాళ్లు 1868లో ఆస్ట్రేలియా దాకా వెళ్లి ఆసుపత్రులు దిద్దారు. ఆమె వేసిన బాటలోనే 1907లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం మేరీ నట్టింగ్ అనే నర్సును ఆచార్య పదవిలో కూర్చోబెట్టింది. నర్సింగ్‌కు ప్రొఫెసర్ పదవి దక్కడం ప్రపంచంలో అదే మొదలు. మన దేశంలో ఢిల్లీ, వేలూరుల్లో 1946లో డిగ్రీ చదువు మొదలైంది.

ఇక మన దేశం సంగతి. ఆమె హిందూస్తాన్ నేల మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా నలభై ఏళ్ల పాటు ఈ దేశం గురించి రాస్తూనే ఉంది. 1857 తిరుగుబాటు తరువాత ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై 1859లో ఒక రాజ సంఘం వేశారు. స్త్రీ కాబట్టి ఆమెకు అందులో స్థానం లేదు. పని మాత్రం ఆమెదే. ప్రశ్నల కాగితం తయారు చేసి ఇక్కడి కంటోన్మెంట్లన్నింటికీ పంపించింది. జవాబులు బండ్లకొద్దీ వచ్చాయి. సికింద్రాబాద్ పేరు కూడా ఆ కాగితాల్లో ఉంది. నీళ్లు ఏ బావి నుంచి తెస్తారు, భిస్తీ మోసే తోలు తిత్తిని ఎప్పుడు కడుగుతారు, మురుగు ఎటు పోతుంది అని ఆమె అడిగిన ప్రశ్నలు మన పంచాయతీలు ఇప్పుడు వేసుకున్నా తప్పు లేదు. ఏటా వెయ్యి మంది ఆంగ్ల సిపాయిల్లో 69 మంది చనిపోతున్నారని 1863లో ఆ సంఘం తేల్చింది. పదేళ్లకు, 1873 నాటికి, అది 18కి దిగింది.

మొదట ఆమె చూపు సిపాయిల మీదే ఉంది. తరువాత తెలిసింది, చుట్టూ ఉన్న ఊరు కుళ్లుతుంటే బ్యారక్ ఒక్కటే బాగుండదని. అక్కడి నుంచి ఆమె ఈ దేశపు రైతు గురించి పట్టించుకుంది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. లక్షలకు లక్షలు చనిపోయారు. ఆమె 1878 ఆగస్టులో లండన్ పత్రికలో భారత ప్రజల దుస్థితిపై పెద్ద వ్యాసం రాసింది. వైద్యం కన్నా ముందు నీళ్లు కావాలన్నది అప్పటికి ఆమె చేరిన తీర్పు. అందుకు ఆమె చూపిన రుజువు మన గోదావరి. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 వరకు కట్టించిన ఆనకట్ట కింద పొలాలు పండుతుంటే, కాలువలు లేనిచోట జనం చచ్చారు. కాటన్ దొరతో ఆమెకు ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. రైళ్లకు పోసే సొమ్ములో కొంత కాలువలకు పెట్టమని ఇద్దరూ మొత్తుకున్నారు. ప్రభుత్వం వినలేదు. జమీందారీ, నీటిపారుదల సమస్యలపై ఆమె ఒక పుస్తకమే రాసింది. అచ్చు కూడా అయింది గాని, బయటికి రానివ్వకుండా మిత్రులే ఆపించారు. కాటన్ విగ్రహాలు కోస్తా ఊరూరా ఉన్నాయి. ఆయన పక్షాన లండన్‌లో మంచం మీద నుంచి వాదించిన ఈమె సంగతి అక్కడ ఎందరికి తెలుసో.

1890లలో, కళ్లు మసకబారుతున్న వయసులో, ఆమె పల్లెల పారిశుద్ధ్యంపై పడింది. ఊరి ఆడవాళ్లకు శుభ్రత గురించి చెప్పాలంటే కాగితాలు పనికిరావని, వాళ్ల భాష తెలిసిన చదువుకున్న స్త్రీలు ఇంటింటికీ వెళ్లి, ప్రేమగా, వాళ్ల ఆచారాన్ని కించపరచకుండా చెప్పాలని 1896లో రాసింది. 2005లో ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో ఆశ కార్యకర్తలు చేస్తున్న పని దాదాపు ఇదే.

ఆమెలో పొరపాట్లు లేవని మేము అనం. రోగాలు చెడు గాలి వల్ల వస్తాయన్న పాత నమ్మకాన్ని ఆమె చాలాకాలం పట్టుకు వేలాడింది. సూక్ష్మక్రిముల సంగతి లోకం ఒప్పుకున్నాక కూడా ఆలస్యంగానే తల ఊపింది. నర్సుల పేర్లు ప్రభుత్వ పట్టీలో నమోదు చేయాలన్నప్పుడు గట్టిగా అడ్డుపడింది. పరీక్ష పాసైనంత మాత్రాన మంచి నర్సు కాదని ఆమె వాదం. అందులో కొంత నిజం ఉన్నా, పట్టీ లేనిదే నర్సుకు హక్కులు లేవు. చివరికి ఇంగ్లండులో ఆ చట్టం ఆమె పోయాక 1919లో వచ్చింది. మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది.

1907లో ఇంగ్లండు రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చాడు. ఆ బిరుదు అందుకున్న తొలి స్త్రీ ఆమే. అప్పటికి చూపు పోయింది, జ్ఞాపకం కూడా చెదిరింది. మే 12ను ప్రపంచ నర్సుల దినోత్సవంగా జరుపుకోవడం, మన ప్రభుత్వం 1973లో ఆమె పేరిట నర్సులకు జాతీయ పురస్కారం పెట్టడం తరువాతి సంగతులు. 1910 ఆగస్టు 13న లండన్‌లోని సొంత ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది. రాజులను, మహాకవులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో చోటిస్తామని ప్రభుత్వం అంది. ఆడంబరం వద్దని ఆమె ముందే చెప్పి ఉండటంతో బంధువులు ఒప్పుకోలేదు. సొంత ఊరి దగ్గర ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, తల్లిదండ్రుల పక్కన పాతిపెట్టారు. రాయి మీద ఆమె పూర్తి పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కారు.